కథ చదివి పలకరించే కొత్త స్నేహితుడితో జాగ్రత్త

కథల యాప్‌లలో రాసేవాళ్లకు, చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. పాల్వంచ, కొత్తగూడెం, మణుగూరు, బూర్గంపాడు, భద్రాచలం వైపు ఇళ్లలో కూర్చుని రాస్తున్న అమ్మాయిలు, గృహిణులు, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలు దీన్ని కాస్త నిదానంగా చదవండి. మిమ్మల్ని భయపెట్టాలని కాదు. రాయడం మానేయమని అసలే కాదు. ముప్పు కళ్లెదుట కనిపిస్తుంటే ఊరుకోలేక చెబుతున్నాం.

ముందు మంచి సంగతి ఒప్పుకుందాం. ఒకప్పుడు పాల్వంచలో కూర్చుని కథ రాస్తే, కాగితానికి ఒకవైపే సాఫు చేసి, తిరుగు స్టాంపులు జతచేసి, విజయవాడకో హైదరాబాదుకో పంపి, నెలల తరబడి పోస్టుమాన్ కోసం చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంటాయన బి షిఫ్టుకు వెళ్లాక, గిన్నెలు సర్దేసి, ఫోన్‌లోనే ఒక భాగం టైప్ చేసి పెడితే చాలు. చీకటి పడేలోగా గుంటూరు నుంచో షార్జా నుంచో ఎవరో చదివి ‘తరువాతి భాగం ఎప్పుడండీ?’ అని అడుగుతున్నారు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు కథలకు చోటుంది. హైదరాబాదు నుంచి కహానియా వచ్చింది. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో కథల గ్రూపులకు లెక్కే లేదు. ఏ పత్రికాఫీసు గడపా తొక్కని ఆడవాళ్లు వీటివల్ల రచయిత్రులయ్యారు. సంతోషం.

కానీ ఆ పాత పద్ధతిలో మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. ఎడిటరు. పాఠకుల ఉత్తరాలు ఆయన బల్ల మీదుగా వచ్చేవి, పిచ్చి రాతలు అక్కడే బుట్టలో పడేవి. కొన్ని పత్రికలు కథ కింద రచయిత చిరునామా కూడా వేసేవి, నిజమే. అయినా ఉత్తరం రాసి, కవరు కొని, డబ్బాలో వేసే ఓపిక వెకిలివాళ్లకు తక్కువ. ఇవాళ చదివినవాడు అర్ధరాత్రి ఒంటిగంటకు సరాసరి మీ ఇన్‌బాక్స్‌లోకి వస్తాడు. మధ్యలో అడ్డం ఎవరూ లేరు.

ఇందులో మిగతా ఆన్‌లైన్ మోసాలకు లేని చిక్కు ఒకటుంది. బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేసేవాడికి మీ గురించి ఏమీ తెలియదు. తగిలితే తగిలిందని గుడ్డిగా వంద నంబర్లు కొడతాడు. కథ చదివి వచ్చేవాడు అలా రాడు. మీరు రాసిన నలభై భాగాలూ చదివి వస్తాడు. మీ నాయికకు ఏ మాట గుచ్చుకుందో, ఎవరి ఆదరణ దొరకలేదో, ఏ పూట ఒంటరిగా అనిపిస్తుందో అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో ముందే తెలిసిన మనిషి అతను. ఆ తెలివి అతనికి మనమే, మన చేత్తో రాసి ఇచ్చాం.

వచ్చే సందేశాల వరస చూడండి. మొదటిది ఎంతో మర్యాదగా ఉంటుంది. ‘మేడమ్, పదహారో భాగం చదివి ఏడుపు ఆగలేదు. ఇంత బాగా ఎలా రాస్తారు?’ రెండు రోజులు పోయాక, ‘మీ కలానికి రావలసిన పేరు రాలేదు మేడమ్.’ వారానికి ‘మేడమ్’ పోయి ‘మీరు’ మిగులుతుంది. తర్వాత అసలు ప్రశ్న: ‘మీ కథలో ఆ సుజాత మీరే కదా? నిజం చెప్పండి. నా దగ్గర దాచొద్దు.’ ఇక్కడ ఆగాలి తల్లీ. ఈ ప్రశ్నకు జవాబు చెప్పొద్దు. అవునన్నా చిక్కే, కాదని వివరించడం మొదలుపెట్టినా చిక్కే. ‘కథ కథేనండీ’ అని వదిలేయండి. ఎందుకంటే దీని తర్వాత ‘ఈ యాప్‌లో మెసేజ్‌లు సరిగా రావడం లేదు, వాట్సాప్ నంబరు ఇవ్వండి’ అంటాడు. ఆ తర్వాత ‘ముఖచిత్రానికి’ అని ఫోటో. ఆ తర్వాత ఇంకో ఫోటో. అది చేతిలో పడ్డాక మాట మారుతుంది. డబ్బు అడుగుతాడు, లేదా అంతకంటే హీనమైనది అడుగుతాడు.

పొగిడినవాళ్లంతా దొంగలని అనడం లేదు. మంచి పాఠకులే ఎక్కువ. మంచి పాఠకుడు కథ కింద, నలుగురూ చూసేచోట రాస్తాడు. నాలుగు రోజులు జవాబివ్వకపోతే నొచ్చుకోడు. ‘మన మాటలు ఎవరికీ చెప్పకు’ అనడు. ఈ మూడో మాట వినబడిందంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, బ్లాక్ చేయండి.

ఇంకో సంగతి. మీరు ఎవరో చెప్పకుండానే మీ కథ మీ చిరునామా చెప్పేస్తుంది. 2024 ఆగస్టు 5న పాల్వంచలోని థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చేశారు. ఆ దృశ్యం మీద కథ రాయాలని ఎవరికైనా ఉంటుంది. రాయండి. కానీ ‘మా డాబా మీద నిలబడితే టవర్లు ఎడమచేతి వైపు ఒకదాని వెనక ఒకటి ఒరిగిపోయాయి’ అని రాసి, మరో భాగంలో ‘ఆయనకు ఈ వారం నైట్ డ్యూటీ’ అనీ, ఇంకో భాగంలో పాప చదివే బడి పేరూ, ‘ఆదివారం పొద్దున్నే పెద్దమ్మతల్లి గుడికి వెళ్లొస్తాం’ అనీ రాస్తే ఏమవుతుంది? ఎక్కడో ఉన్నవాడికి అవి కథలో ముచ్చట్లు. ఊళ్లో ఉన్నవాడికి మాత్రం ఏ వీధో, ఏ ఇల్లో, ఏ రాత్రి మగదిక్కు ఉండదో, ఏ పూట తాళం వేసి ఉంటుందో తెలిసిపోతుంది. పాల్వంచ హైదరాబాదంత ఊరు కాదు. రెండు ఆనవాళ్లు చాలు, మూడోది ఎవరినడిగినా చెబుతారు.

అందుకే దిక్కులు మార్చండి. షిఫ్టు మార్చండి. బడి పేరు తీసేయండి. జరిగింది ఈ వారమైతే మూడు నెలలాగి రాయండి, లేదా మూడేళ్ల కిందట జరిగినట్టు రాయండి. కథకు ఏ లోటూ రాదు. పక్కింటివాళ్ల గొడవను ఉన్నదున్నట్టు దించకండి. వాళ్లూ ఫోన్లు చూస్తారు. పేరు మార్చినా నత్తి మార్చకపోతే, కుంటికాలు మార్చకపోతే వాడకట్టంతా గుర్తుపడుతుంది. ఆ మంట మీ గుమ్మం ముందుకే వస్తుంది.

కలంపేరు పెట్టుకోవడం పిరికితనమని కొందరంటారు. తెలుగు రచయితలకు అది పాత అలవాటే. జడ్జి ఉద్యోగంలో ఉన్న భాగవతుల నరసింగరావు, ఆయన భార్య బాల త్రిపురసుందరి కలిసి ‘బీనాదేవి’ పేరుతో రాశారు. కథలు నిలబడ్డాయి, ఇల్లు ఇల్లుగా ఉంది. కలంపేరు పెట్టుకునేవాళ్లు దానికి తగ్గట్టు విడిగా ఒక ఈమెయిల్ పెట్టుకోండి. బ్యాంకు పనులకు, పిల్లల బడికి ఇచ్చిన నంబరుతో కథల ఖాతా తెరవకండి. పాస్‌వర్డ్ కూడా వేరే ఉండాలి. కథలకు ప్రపంచమంతా పేరున్న వాట్‌ప్యాడ్‌లో 2020లో దాదాపు 27 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి. పేర్లు, ఈమెయిళ్లు, పుట్టినరోజులు అన్నీ. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ ఎర మీ కోరికే, అచ్చులో పేరు చూసుకోవాలన్న కోరిక. ‘మీ కథ మా సంకలనానికి ఎంపికైంది. రేపు సాయంత్రంలోగా పద్దెనిమిది వందలు పంపితే చోటు ఖాయం. ప్రశంసాపత్రం, జ్ఞాపిక, హైదరాబాదులో సన్మానం’ అని వస్తుంది. రచయితలు తలా కొంత వేసుకుని పుస్తకం తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే, దాన్ని తప్పుపట్టం. కానీ అడిగేవాళ్లకు ఒక ఊరు, ఒక పేరు, రశీదు, ఇంతకుముందు వేసిన పుస్తకం ఉండాలి. ఆ పుస్తకంలో రాసినవాళ్లతో మీరు మాట్లాడగలగాలి. ‘రేపటిలోగా’ అన్న తొందర ఉందంటే అనుమానించండి. ‘ఐఎస్‌బీఎన్ నంబరుకు ఫీజు’ అన్నారంటే మరింత అనుమానించండి. మన దేశంలో ఆ నంబరు ఉచితంగానే ఇస్తారు. వెబ్ సిరీస్‌కు మీ నవల తీసుకుంటున్నాం, ముందుగా రిజిస్ట్రేషన్ ఖర్చు మీరే పెట్టుకోవాలి అనేవాళ్లు ఇంకో రకం. కథ కొనేవాడు డబ్బు ఇస్తాడు. మీ దగ్గర అడగడు.

ఒప్పంద పత్రం వస్తే ఇంట్లో చదువుకున్నవాళ్లతో చదివించండి. ‘అన్ని హక్కులు’, ‘శాశ్వతంగా’ అన్న మాటల దగ్గర వేలు పెట్టి ఆగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. ఆ రక్షణ చట్టం మీకు ఇచ్చింది. తొందరపడి సంతకంతో పోగొట్టుకోకండి.

చదివేవాళ్లకూ ఒక మాట. తరువాతి భాగం తెరవాలంటే నాణేలు కొనాలి, చందా కట్టాలి. రాసినవాళ్లకు నాలుగు రూపాయలు దక్కితే మంచిదే. చందాకు ఒకసారి ఆటోపే ఒప్పుకుంటే నెలనెలా డబ్బు దానంతటదే కోసుకుపోతుందని మాత్రం గుర్తుంచుకోండి. డబ్బు పోయే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని తుడిచేయకండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట నొక్కి, ఏవేవి నడుస్తున్నాయో ఈ ఆదివారం ఒకసారి చూడండి.

దొంగతనం గురించి చాలామంది బాధపడుతున్నారు. మీ కథను వేరేవాడి పేరుతో పెడతారు, లేదా గొంతు జోడించి యూట్యూబ్‌లో వదులుతారు. ‘మనకేం దిక్కు’ అనుకోకండి. రాసిన క్షణం నుంచే కథ మీది, రిజిస్ట్రేషన్ లేకపోయినా మీదే. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. రిజిస్టరు చేయించుకోవాలనుకుంటే రచనకు ఫీజు 500 రూపాయలు. 2013 కాపీరైట్ నియమాల ప్రకారం మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, దాన్ని ఉంచిన సంస్థ 36 గంటల్లో ఆ ప్రతిని జనానికి అందకుండా ఆపాలి. మీరు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవొచ్చు, కాబట్టి నిద్రపోకూడదు. కావాలని చేసిన దొంగతనానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. వీటన్నిటికీ ఒకటే కావాలి: ఈ కథ నేను ఫలానా తేదీన రాశానని చూపించే ఆధారం.

ఆ ఆధారం ఎంతమంది దగ్గరుంది? యాప్‌లోనే టైప్ చేసి, యాప్‌లోనే వదిలేసేవాళ్లు ఎక్కువ. ఖాతా హ్యాక్ అయితే నవల పోయినట్టే. సంస్థే మూతపడితే అడిగే నాథుడే ఉండడు. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. తెలుగువాళ్లు ఏళ్ల తరబడి సాహిత్య చర్చలు నడిపిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడింది. కథలను భాగాలుగా వేసే కిండిల్ వెల్లాను అమెజాన్ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, పాత పత్రికల్లో ఎక్కడెక్కడి కథలో పోగు చేయగలిగారంటే, ఎవరో ఒకరింట్లో అటక మీద ఆ కాగితం మిగిలి ఉంది కాబట్టి. మీ ధారావాహికకు ఏ అటకా లేదు. ప్రతి భాగాన్నీ మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి, తేదీ దానంతటదే పడుతుంది. నవల పూర్తయ్యాక బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో ఒక ప్రతి తీయించి బీరువాలో పెట్టండి.

దాచుకోవాల్సింది రాసిన కథలనే కాదు. గురుకులాల పిల్లలు అవ్వ చెప్పిన కోయ కథలను ఫోన్‌లో రికార్డు చేసి పెడుతున్నారు. చక్కటి పని. మన జిల్లా కోయ డోలి కళాకారుడు, 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూశాక ఆ అవసరం ఇంకా పెరిగింది. అయితే ఇలవేల్పుల కథల్లో కొన్ని జాతరలోనే, పడిగె అనే గుడ్డపటం ముందే చెప్పాల్సినవి ఉంటాయి. పెద్దలను అడిగి, వాళ్లు సరేనన్నవే పెట్టండి. చెప్పినవాళ్ల పేరు వేయండి. లేకపోతే రేపు ఎవరో దాన్ని తన కథగా అమ్ముకుంటారు.

పిల్లల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పద్నాలుగేళ్ల పిల్ల పద్దెనిమిది అని నొక్కితే యాప్ లోపలికి రానిస్తుంది. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిది నిండని వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఇంట్లో ఆ సంగతే తెలియకపోతే అనుమతి అడిగేదెవరు, ఇచ్చేదెవరు? ప్రేమకథ అన్న ముద్ర కింద పిల్లలు చదవకూడనివి ఉంటాయి. ఎత్తుకుపోయి పెళ్లాడటం, కొట్టి లొంగదీసుకోవడం ప్రేమగా చూపించే కథలకు లక్షల్లో పాఠకులు దొరుకుతున్నారు. అవి చదివిన పిల్ల, తనను బెదిరించేవాడిని కూడా మొదట్లో ప్రేమికుడనే అనుకుంటుంది. ఈ మాట కాస్త కటువుగా ఉందని తెలుసు. రాసేవాళ్లు మనసులో పెట్టుకోండి చాలు.

తల్లిదండ్రులు కనిపెట్టాల్సినవి ఇవి. మీరు గదిలోకి రాగానే ఫోన్ బోర్లా పెట్టడం. మీరు చేయించని రీచార్జి ఎవరో చేయించడం. నిన్నటిదాకా ఉత్సాహంగా రాసిన పిల్ల ఉన్నట్టుండి ఖాతా తీసేయడం. అన్నం సహించకపోవడం. మెసేజ్ చప్పుడుకు ఉలిక్కిపడటం. మగపిల్లల్లోనూ ఇవే చూడండి, వాళ్లను బెదిరించేవాళ్లూ తక్కువేం లేరు.

కనిపెట్టాక ఏం చేస్తారన్నదే అన్నిటికంటే ముఖ్యం. బెదిరించేవాడి చేతిలో ఉన్న ఆయుధం ఆ ఫోటో అనుకుంటున్నారేమో. ‘మీ ఇంట్లో చెబుతా’ అన్న మాటే అతని ఆయుధం. ఇంట్లో తెలిస్తే ఫోన్ లాక్కుంటారని, రాయడం మాన్పిస్తారని, చదువు ఆపి పెళ్లి చేస్తారని భయపడినంత కాలం ఆ పిల్ల, ఆ కోడలు అతను చెప్పినట్టే ఆడుతుంది. మొదటి రోజే అమ్మతోనో భర్తతోనో చెప్పుకోగలిగితే అతని పని అక్కడితో సరి. కాబట్టి అన్నలారా, అత్తగార్లూ, అయ్యలారా, దండం పెట్టి అడుగుతున్నాం. ‘ఆ పిచ్చి రాతలు రాయబట్టే ఇలా అయింది’ అనకండి. ‘ఏం జరిగినా ముందు మాకు చెప్పు, రాయడం మాత్రం మానకు’ అని ఇవాళే, ఏమీ జరగకముందే చెప్పి పెట్టండి.

జరిగిపోయి ఉంటే డబ్బు పంపొద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు. సందేశాలు తుడిచేయొద్దు, అవే సాక్ష్యం. వెంటపడొద్దని చెప్పినా వినకుండా ఆడవాళ్లను ఫోన్‌లో, నెట్‌లో వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల దాకా శిక్ష. నగ్నంగా చూపే ఫోటోలు, మార్ఫింగ్ చేసినవైనా సరే, ఫిర్యాదు అందాక గంటల వ్యవధిలోనే తీసేయాలని 2021 ఐటీ నియమాలు సంస్థలను ఆదేశించాయి. బాధితులు పద్దెనిమిది నిండనివాళ్లయితే పోక్సో చట్టం వర్తిస్తుంది. నిందితుడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీ ఫిర్యాదు పాల్వంచ స్టేషన్‌లోనే తీసుకోవాలి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ అని అడగండి.

డబ్బు పోయిందా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలో చేస్తే అవతలి ఖాతాలో ఆపే వీలుంటుంది. పిల్లల విషయమైతే 1098. ఆడవాళ్లకు 181. ఈ మూడు నంబర్లూ వంటింటి క్యాలెండర్ మీద, అందరికీ కనబడేలా పెద్ద అంకెల్లో ఈ రోజే రాసి పెట్టండి.